వెనక నుంచి నింపే తుపాకి 1537లోనే ఉంది కదా, సైన్యాల చేతికి రావడానికి 300 ఏళ్ళు ఎందుకు పట్టింది?

శేషాద్రి_తిరుపతి:

అందరికీ నమస్కారం. పలమనేరు, కుప్పం వైపు అడవి అంచు పల్లెల్లో నాటు తుపాకులు పట్టుబడ్డాయని పేపర్లో వచ్చినప్పుడల్లా ఆ ఫొటోలు గమనిస్తుంటాను. దాదాపు అన్నీ గొట్టం మూతిలోంచి మందు పోసి, గుడ్డపీలికా రవ్వలూ వేసి, కమ్మితో దట్టించేవే. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీకి మాత్రం 1537 నాటికే వెనక నుంచి నింపే తుపాకి ఉంది. అది ఇప్పటికీ అక్కడి రాయల్ ఆర్మరీస్ సేకరణలో భద్రంగా ఉంది.

హైదర్ అలీ 1782 డిసెంబరులో మన చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట విడిదిలోనే కన్నుమూశాడు. కంపెనీతో అతను చేస్తున్న ఆ యుద్ధంలో మైసూరు సిపాయిలైనా, కంపెనీ సిపాయిలైనా నిలబడి మూతిలోంచి మందు దట్టించినవాళ్ళే. హెన్రీ తుపాకికీ దీనికీ మధ్య 245 ఏళ్ళు. తెలివైన కమ్మరులకు ఏ కాలంలోనూ కొదవ లేదు. మరి అడ్డం పడిందేమిటి? కాస్త మెకానిజంతో సహా చెప్పగలరా? 1776 నాటి ఫెర్గుసన్ తుపాకి అంత గొప్పదైతే దాన్ని ఎందుకు వదిలేశారో కూడా తెలుసుకోవాలని ఉంది.

పాత_ఫిరంగి:

శేషాద్రిగారూ, చిక్కంతా వెనక మూత దగ్గరి సందులో ఉంది.

మూతి నుంచి నింపే తుపాకిలో గొట్టం వెనక భాగాన్ని మర బిరడాతో శాశ్వతంగా బిగించేస్తారు. గ్యాసు బయటికి పోవడానికి సన్నటి నిప్పు రంధ్రం తప్ప దారి లేదు. వెనక తెరిచి మూసేలా చేశారంటే అక్కడ ఒక అతుకు వచ్చినట్టే. నల్లమందు మండగానే ఆ వేడి గ్యాసు వెంట్రుకంత సందు దొరికినా దూరిపోతుంది, పోతూ పోతూ లోహాన్ని కోసుకుంటూ పోతుంది. అందుకే సందు ప్రతి పేలుడుకీ పెరుగుతుందే గానీ తగ్గదు. దానికి తోడు నల్లమందు పూర్తిగా గ్యాసైపోదు. తూకంలో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగిలి మసిగా, లవణాలుగా పేరుకుంటుంది. ఆ మసి గాల్లో తేమ పీల్చి, ఆరాక గట్టిపడి, కీళ్ళనూ మరలనూ పట్టేస్తుంది. కాబట్టి మూత గ్యాసును ఆపేంత బిగువుగా ఉండాలి, మసి పట్టినా కదిలేంత వదులుగానూ ఉండాలి. ఆకురాయితో చేత్తో అరగదీసి అమర్చే రోజుల్లో ఈ రెండూ ఒకే అతుకులో కుదరలేదు.

హెన్రీ తుపాకిలో పక్కకు లేచే కీలు మూత ఉంటుంది. ముందే మందూ గుండూ నింపిన చిన్న ఇనుప గొట్టాన్ని ఆ మూత కింద పెట్టి మూస్తారు. ఆ ఇనుప గొట్టాన్ని మళ్ళీ మళ్ళీ నింపుకోవచ్చు. ఆలోచన దాదాపు నేటి తూటాదే. లోపం ఏమిటంటే ఆ ఇనుప గొట్టం వ్యాకోచించి సందు మూయదు. గట్టి ఇనుము గట్టి ఇనుముకు ఆనుకుంటుంది, మధ్యలో గ్యాసు దూరుతుంది. రాజు ఒక్కడి వాడకానికి పనికొచ్చింది, పదివేలమంది సైన్యానికి కాదు.

అదే కాలంలో ఓడల మీది చిన్న ఫిరంగులు వెనక నుంచి నింపేవే. పిడి ఉన్న ఇనుప మందుగదిని వెనక చట్రంలో పెట్టి, దాని వెనక మేకు దిగ్గొట్టి బిగిస్తారు. ఒక్కో ఫిరంగికి రెండు మూడు మందుగదులు నింపి సిద్ధంగా ఉంచుకునేవాళ్ళు. అక్కడ గ్యాసు కారినా పర్వాలేదు. ఫిరంగి ఓడ అంచున గూటం మీద తిరుగుతుంది, మనిషి దానికి చెంప ఆనించడు. తుపాకి అలా కాదు, కారే చోటు కంటికి జానెడు దూరంలో ఉంటుంది. 1520లో రాయచూరు దగ్గర కృష్ణదేవరాయల పక్షాన పోరాడిన పోర్చుగీసుల ఓడల మీద ఇలాంటి ఫిరంగులు ఉండేవి. అయినా వాళ్ళు భుజాన మోసింది మూతి నుంచి దట్టించే వత్తి తుపాకులే.

ఇక బ్రిటిష్ సైనికాధికారి ఫెర్గుసన్ చేసినది. అది గొప్ప తుపాకి, అందులో నాకు అనుమానం లేదు. గొట్టం వెనక భాగంలో పై నుంచి కిందికి నిలువుగా ఒక మర బిరడా ఉంటుంది. దాని అడుగు ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మికి అతికి ఉంటుంది. కమ్మిని ఒక్క చుట్టు తిప్పితే బిరడా దిగి గొట్టం పైన రంధ్రం తెరుచుకుంటుంది. తుపాకి మూతిని కాస్త కిందికి వంచి గుండు వేస్తే అది దొర్లి, గుండును తిప్పడానికి గొట్టం లోపల మెలికగా కోసిన గాళ్ళు మొదలయ్యే చోట ఆగుతుంది. ఎందుకంటే గుండు గొట్టం లోపలి కొలత కంటే కొంచెం పెద్దది. దాని వెనక మందు పోసి, కమ్మిని తిరిగి చుట్టాలి. ఎక్కువైన మందును బిరడా పైకి నెట్టేస్తుంది, దాన్ని చేత్తో తుడిచేయాలి. తర్వాత చెకుముకి పళ్ళెంలో మందు వేసి పేల్చడమే. మూల ఆలోచన ఫ్రాన్సు వాడైన ఇజాక్ ద లా షోమెట్‌ది. ఫెర్గుసన్ బిరడాను కొద్దిగా కోసుగా చేసి, మరల మీద మసి చేరడానికి గాడులు కోయించాడు. 1776లో లండన్ దగ్గరి వూలిచ్‌లో అధికారుల ముందు నిమిషానికి నాలుగు చొప్పున పేల్చి చూపించాడు, ఒక నిమిషంలో ఆరు కూడా పేల్చాడు. తుపాకిని నీళ్ళతో తడిపాక కూడా పేల్చాడు. ఆ ఏడాది డిసెంబరులో పేటెంటు వచ్చింది.

సుమారు వంద తుపాకులే చేశారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, 1777 సెప్టెంబరు 11న బ్రాండీవైన్ పోరులో ఫెర్గుసన్ మోచేతికి గుండు తగిలాక, ఆ తుపాకులు పట్టిన ఆయన దళాన్ని విడదీశారు. 1780 అక్టోబరులో కింగ్స్ మౌంటెన్ దగ్గర ఆయనే చనిపోయాడు. అండగా నిలిచే మనిషి లేకపోవడం ఒక కారణం. రెండోది, బిరడా కోసం, లాకు (నిప్పు పుట్టించి పేల్చే యంత్రం) కోసం కొయ్యను ఒకే చోట తొలిచేయడంతో అక్కడ కొయ్య బలహీనపడి పగిలేది. మూడో కారణం తయారీ. దాని గురించి లేత్ పని తెలిసినవాళ్ళు చెబితే బాగుంటుంది.

రేణిగుంట_టర్నర్:

ఫెర్గుసన్ బిరడా ఒక్క చుట్టులో పూర్తిగా దిగుతుందన్న మాట దగ్గర ఆగి ఆలోచించండి. మామూలు ఒంటి మర అయితే అంత లోతు దిగడానికి పది చుట్లయినా తిప్పాలి, యుద్ధంలో ఎవరు తిప్పుతారు? అందుకని బిరడా మీద పది పన్నెండు మరలు పక్కపక్కనే మొదలయ్యేలా కోశారు. ఇప్పటి షాపుల్లో మల్టీ స్టార్ట్ థ్రెడ్ అంటాం. ఒక్క చుట్టుకు దిగే దూరం పెరుగుతుంది, మర పళ్ళు మాత్రం సన్నగానే ఉంటాయి కాబట్టి పట్టు పోదు.

మంచి లేత్, గేర్ బాక్సు, ఇండెక్సింగ్ ఉన్న ఈ రోజుల్లో కూడా మల్టీ స్టార్ట్ కోయడం జాగ్రత్తగా చేయాల్సిన పని. ఒక మొదలుకూ ఇంకో మొదలుకూ మధ్య దూరం కొద్దిగా తేడా వచ్చినా బిరడా ఒక చోట బిగిసి ఇంకోచోట వదులవుతుంది. లోపలి మర ఇంకా కష్టం. గొట్టాన్ని అడ్డంగా తొలిచి, ఆ రంధ్రంలో అన్ని మొదళ్ళూ సరిపోయేలా కోయాలి. 1776లో అది ఒక్కో తుపాకికి విడిగా, చేత్తో అమర్చిన పని. ఒక తుపాకి బిరడా ఇంకోదానికి పట్టదు. యుద్ధంలో బిరడా పాడైతే తుపాకి మొత్తం మూలకే.

ఈ ముడి విప్పినవాడు అమెరికా వాడు జాన్ హాల్. 1811 పేటెంటు, 1819లో సైన్యం తీసుకుంది. వెనక నుంచి నింపే తుపాకిని ఒక సైన్యం పెద్ద సంఖ్యలో చేయించి వాడటం దీంతోనే మొదలు. దాని మెకానిజం ఫెర్గుసన్ కంటే సులువు. గొట్టం వెనక విడిగా ఒక దిమ్మ, అదే మందుగది. కింద ఉన్న మీట నొక్కితే దిమ్మ ముందు కొస పైకి లేస్తుంది. అందులోనే మందు పోసి, గుండు పెట్టి, కిందికి నొక్కి మూయాలి. లాకు కూడా ఆ దిమ్మలోనే ఉంది.

అసలు గొప్పతనం హార్పర్స్ ఫెర్రీ ఆయుధ కర్మాగారంలో హాల్ పెట్టిన యంత్రాలది, గేజీలది (కొలత సరిచూసే పనిముట్లు). ప్రతి భాగాన్నీ గేజీ పెట్టి చూసి, సరిపోని దాన్ని పక్కన పడేసేవాళ్ళు. ఏ తుపాకి దిమ్మ అయినా ఏ తుపాకికైనా పట్టేది. అయినా దిమ్మకూ గొట్టానికీ మధ్య సందు మాత్రం ఉంది. కొత్తలో కాగితమంత, అరిగేకొద్దీ ఎక్కువ. గ్యాసు కారినంత మేర గుండు వేగం తగ్గుతుంది. అందుకే దూరం కొట్టడంలో వెనకబడింది. కొలతలు ఎంత ఖచ్చితంగా ఉన్నా ఇనుము మీద ఇనుము ఆనించి గ్యాసును ఆపలేమని హాల్ తుపాకే తేల్చింది.

శేషాద్రి_తిరుపతి:

టర్నర్ అన్నా, మరల సంగతి ఇంత వివరంగా నేనెక్కడా చూడలేదు, ధన్యవాదాలు. అయితే ఒకటి అర్థం కాలేదు. ఇత్తడి తూటా రాకముందే ప్రష్యా (జర్మన్ రాజ్యం) వాళ్ళు సూది తుపాకితో 1866లో ఆస్ట్రియాను ఓడించారు కదా. మరి వాళ్ళు గ్యాసును ఎలా ఆపారు?

సూది_మందు:

పూర్తిగా ఆపలేదు, సర్దుకున్నారు.

ఆ సూది తుపాకి చేసిన నికొలాస్ డ్రైజె యువకుడిగా పారిస్‌లో పౌలీ అనే తుపాకుల తయారీదారు దగ్గర పనిచేశాడు. ఆ పౌలీ 1812లోనే నిప్పు పుట్టించే మందును తూటా అడుగునే అమర్చిన తుపాకికి పేటెంటు తీసుకున్నాడు. డ్రైజె తుపాకిని ప్రష్యా 1841 మోడల్‌గా తీసుకుంది. గుట్టు బయటపడకుండా దానికి పెట్టిన అధికారిక పేరు 'తేలికపాటి పర్కషన్ తుపాకి'.

తూటా మొత్తం కాగితమే. అడుగున మందు, దాని మీద నొక్కిన కాగితపు గుజ్జుతో చేసిన గిన్నె, ఆ గిన్నెలో గుడ్డు ఆకారపు సీసం గుండు. గొట్టం 15.4 మిల్లీమీటర్లు, గుండు 13.6 మాత్రమే. గాళ్ళను పట్టుకుని తిరిగేది గిన్నె, గుండు దానితో పాటు తిరుగుతుంది. నిప్పు పుట్టించే మందు గిన్నె అడుగున, అంటే నల్లమందుకు ముందు ఉంటుంది. అందుకే సూది తూటా వెనక చీల్చుకుని, మందంతా దాటి వెళ్ళి దాన్ని పొడవాలి. సూది సన్నగా, పొడవుగా ఉండక తప్పలేదు, పేలుడు జరిగేటప్పుడు అది మంటల మధ్యే ఉంటుంది. కాలి, తుప్పు పట్టి, పెళుసై విరిగేది. ప్రతి సిపాయి దగ్గరా అదనపు సూదులుండేవి. పనిముట్టు లేకుండా అక్కడికక్కడే మార్చుకోవచ్చు.

గ్యాసు సంగతికొస్తే, బోల్టు (గొట్టం వెనక భాగాన్ని మూసే కడ్డీ) ముందు కొసను లోపలికి కోసుగా, గొట్టం వెనక కొసను బయటికి కోసుగా తీశారు. బోల్టు చేతిపిడిని కొట్టి మూస్తే ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. కారిన గ్యాసు ముఖం వైపు కాకుండా ముందుకు పోతుంది. కొత్త తుపాకిలో ఇది బాగానే ఆగేది. అరిగాక కారేది, అందుకని కొందరు సిపాయిలు తుపాకిని నడుము దగ్గర పెట్టుకునే పేల్చేవాళ్ళు.

దూరంలో ఆస్ట్రియా వాళ్ళ మూతి నుంచి నింపే లోరెంజ్ తుపాకే మెరుగు. ఇది చాలామంది వదిలేసే విషయం. కానీ 1866 జులై 3న కొనిగ్‌గ్రాట్జ్ దగ్గర వేగంతో పాటు పడుకుని నింపుకోవడం కూడా తేల్చింది. లోరెంజ్‌లో మందు దట్టించాలంటే నిటారుగా నిలబడాలి. డ్రైజె సిపాయి నేలకు కరుచుకుని నింపుకుంటాడు, వాడి తలా భుజాలూ తప్ప ఏమీ కనిపించవు. కత్తులు గుచ్చిన తుపాకులతో గుంపుగా దూసుకురమ్మని ఆస్ట్రియా నేర్పిన పద్ధతి సరిగ్గా ఈ తుపాకికే ఎరైపోయింది.

ఫ్రెంచివాళ్ళు వెంటనే తేరుకుని అదే ఏడాది షస్‌పో తుపాకిని తీసుకున్నారు. 11 మిల్లీమీటర్ల గొట్టం, తూటా కాగితానిదే. రెండు మార్పులు చేశారు. నిప్పు పుట్టించే క్యాప్‌ను తూటా వెనక కొసకే తెచ్చారు, కాబట్టి సూది పొట్టిదైంది. బోల్టు తల వెనక ఒక రబ్బరు ఉంగరం పెట్టారు. పేలగానే తల వెనక్కి నొక్కుకుంటుంది, రబ్బరు ఉబ్బి మందుగది గోడకు అదుముకుంటుంది. ప్రెషర్ కుక్కర్‌ గాస్కెట్‌ పని ఇదే, దాని జబ్బులూ ఇవే. వేడికి రబ్బరు గట్టిపడి అంచులు చీలేవి, మార్చకపోతే గ్యాసు కారేది. కాలని కాగితం ముక్కలు మందుగదిలో అంటుకుని, రెండో తూటా లోపలికి పోయేది కాదు.

ఇన్ని జబ్బులున్నా షస్‌పో గురి పలకలు 1200 మీటర్ల దాకా గుర్తులు వేసినవి, డ్రైజె పనిచేసే దూరం దాదాపు అందులో సగం. 1870 ఆగస్టు 18న సెయింట్ ప్రివా దగ్గర ప్రష్యా గార్డు దళం ఏ మరుగూ లేని వాలు మీద నడిచి వచ్చి వేలమందిని పోగొట్టుకుంది. ఆ యుద్ధాన్ని చివరికి ప్రష్యా గెలిచింది, అందులో క్రుప్ కంపెనీ ఉక్కు ఫిరంగుల పాలు పెద్దది. తుపాకికి తుపాకి పోలిస్తే మాత్రం ఫ్రెంచివాళ్ళదే పైచేయి.

పలమనేరు_పాతిల్లు:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి సార్. మన దేశానికి వచ్చిన స్నైడర్, మార్టిని తుపాకుల గురించి కూడా రాయండి. పాత ఇళ్ళ అటకల మీద అలాంటిది కనబడితే ఏది ఏదో ఎలా గుర్తుపట్టాలి?

పాత_ఫిరంగి:

అడగాల్సిందే అడిగారు. సందు సమస్య నిజంగా తీరింది అక్కడే.

ఇంగ్లండు దగ్గర 1853 మోడల్ ఎన్‌ఫీల్డ్ తుపాకులు లక్షల్లో ఉన్నాయి. వాటిని పారేయకుండా మార్చే దారి చూపినవాడు అమెరికా వాడు జేకబ్ స్నైడర్. గొట్టం వెనక రెండున్నర అంగుళాలు కోసేసి, అక్కడ కుడి పక్కకు తెరుచుకునే కీలు దిమ్మను బిగించారు. 39 అంగుళాల గొట్టం 36.5 అయింది. పాత సుత్తి, పాత కొయ్య, పాత లాకు అలాగే ఉన్నాయి. సుత్తి దెబ్బ దిమ్మలో ఏటవాలుగా ఉన్న పుల్ల మీద పడి, అది తూటా అడుగు మధ్యలో ఉన్న క్యాప్‌ను పొడుస్తుంది. 1866లో తీసుకున్నారు. ఆ ఏడాది అక్టోబరులోనే స్నైడర్ చనిపోయాడు, రావాల్సిన సొమ్ము కోసం ప్రభుత్వం చుట్టూ తిరుగుతూనే.

పేల్చే వరుస: సుత్తిని సగం లాగాలి, బొటనవేలితో దిమ్మను కుడికి తెరవాలి, తూటా పెట్టి మూయాలి, సుత్తిని పూర్తిగా లాగి పేల్చాలి. తర్వాత మళ్ళీ సగం లాగి, దిమ్మ తెరిచి, దాన్ని వెనక్కి గుంజితే కొక్కెం ఖాళీ తూటాను కొంత బయటికి లాగుతుంది. పూర్తిగా పడేయదు. తుపాకిని పక్కకు ఒరిగిస్తే కింద పడుతుంది. చేయి తిరిగినవాడు నిమిషానికి పది పేల్చగలడు, మూతి నుంచి నింపే ఎన్‌ఫీల్డ్‌తో మూడు.

అసలు విజయం వూలిచ్‌లో కర్నల్ బాక్సర్ చేసిన తూటాది. పల్చటి ఇత్తడి రేకును చుట్టగా చుట్టి, కాగితం అంటించి, అడుగున ఇనుప బిళ్ళ బిగించాడు. పేలగానే చుట్ట విప్పారి మందుగది గోడకు అదుముకుని సందు మూసేస్తుంది. ఒత్తిడి తగ్గగానే కాస్త ముడుచుకుంటుంది కాబట్టి బయటికి వస్తుంది. గ్యాసును ఆపే పని తుపాకి నుంచి తూటాకు మారింది. ప్రతి పేలుడుకీ కొత్త మూత వస్తుంది, అరుగుదల గొడవే లేదు. దిమ్మ చేయాల్సింది తూటా వెనక్కి రాకుండా అడ్డుకోవడమే. అందుకే మూడు వందల ఏళ్ళ పైబడిన ఈ కథలో ఇత్తడి రేకునే నేను కథానాయకుడంటాను.

రేకు చుట్టకూ జబ్బుంది. ఎండలో, దుమ్ములో, వరసగా పేల్చి వేడెక్కిన మందుగదిలో రేకు అంటుకుపోయేది. కొక్కెం లాగితే ఇనుప అడుగు మాత్రమే ఊడి వచ్చి, రేకు గొట్టం లోపలే ఉండిపోయేది. 1871లో వచ్చిన మార్టిని-హెన్రీలో తూటా మెడ సన్నగా, ఒళ్ళు లావుగా ఉండటంతో ఇది ఇంకా ముదిరింది. 1885లో సూడాన్‌లో అబూ క్లియా పోరులో తుపాకులు పట్టేయడంతో పెద్ద రభస జరిగి, అతుకు లేకుండా సాగదీసిన గట్టి ఇత్తడి తూటాకు మారారు.

మన దేశం సంగతి. 1857 తర్వాత భారతీయ సిపాయిల ఆయుధాలు తెల్లవాళ్ళ కంటే ఒక తరం వెనక ఉండాలన్నది ప్రభుత్వ విధానం. 1868లో అబిసీనియా (నేటి ఇథియోపియా) దండయాత్రకు ఇక్కడి నుంచి వెళ్ళిన సేనలో తెల్ల సిపాయిల చేతిలో స్నైడర్లు, మనవాళ్ళ చేతిలో మూతి తుపాకులు. తెల్లవాళ్ళకు మార్టిని వచ్చాకే మనవాళ్ళకు స్నైడర్ వచ్చింది. 1878-80 అఫ్ఘాన్ యుద్ధంలోనూ ఇదే తేడా.

గుర్తుపట్టడం తేలిక. పక్కన పెద్ద సుత్తి, గొట్టం వెనక కుడికి తెరుచుకునే దిమ్మ ఉంటే స్నైడర్. బయట సుత్తే లేకుండా ట్రిగ్గర్ వెనక పొడవాటి మీట ఉంటే మార్టిని. మీట దించితే దిమ్మ ముందు కొస కిందికి వంగి మందుగది కనబడుతుంది. కుడి పక్కన చిన్న ముల్లు లాంటిది లోపలి సుత్తి బిగిసి ఉందో లేదో చూపిస్తుంది. స్నైడర్ దిమ్మకు ఎడమ పక్క బొత్తాం లాంటి గొళ్ళెం ఉంటే మూడో మార్కు. గొళ్ళెం లేని పాతవాటి దిమ్మలు అరిగి, పేలేటప్పుడు తెరుచుకున్న సందర్భాలున్నాయి, అందుకే దాన్ని చేర్చారు. లాకు పలక మీద 1862 అని ఉందని స్నైడర్ కాదనుకోకండి. ఆ ఏడాది లాకు చేసినది, మార్పు తర్వాత జరిగింది.

రేణిగుంట_టర్నర్:

పాతిల్లు గారికి ఇంకొక మాట. అటక మీద దొరికిన తుపాకిలో మందు ఉందేమో ముందు చూడాలి. నల్లమందు పొడిగా ఉంటే తరాలు గడిచినా మండుతుంది. మూతిని మనుషులు లేని వైపు పెట్టి, మూతికి ముందు నిలబడకుండా పక్క నుంచి ఒక సన్నటి కర్రను గొట్టంలోకి మెల్లగా జారవిడిచి, మూతి దగ్గర గుర్తు పెట్టుకోండి. కర్ర బయటికి తీసి గొట్టం పక్కన ఆనించి చూడండి. మూతి తుపాకిలో కర్ర కొస నిప్పు రంధ్రం దాకా రావాలి. అంగుళం, రెండంగుళాలు ముందే ఆగితే లోపల ఏదో ఉందని అర్థం. పొడవొద్దు, వేడి చేయొద్దు, గుండును మీరే తీయాలని చూడొద్దు.

స్నైడర్లో ఇప్పటి వేట తుపాకి తూటా పడుతుందేమో అని ప్రయత్నించేవాళ్ళుంటారు. అస్సలు వద్దు. నల్లమందు కోసం చేసిన ఇనుము అది, ఇప్పటి మందు ఒత్తిడికి దిమ్మ ఎగిరి ముఖానికి తగులుతుంది.

చట్టం విషయం: 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్లో పాతకాలపు ఆయుధాలకు మినహాయింపు ఉంది గానీ, అది మరమ్మతు చేసినా పేలని వాటికే. బాగుచేస్తే పేలే స్నైడర్‌కు ఆ మినహాయింపు రాదు. కదిలించకుండా స్థానిక స్టేషన్‌కు చెప్పి, వాళ్ళు వచ్చి చూసి రాసుకున్నాకే లైసెన్సో, అప్పగింతో తేల్చుకోండి. తుప్పు గీకి మెరుగు పెట్టకండి. మార్కు ముద్రలు, సింహం గుర్తు, ఏడాది అంకెలు గీకుడులోనే పోతాయి, ఆ తర్వాత అది ఏ తుపాకో ఎవరూ చెప్పలేరు.